అడిగితే అవునంటారు, చేను చూస్తేనే తెలుస్తుంది: హొసకోటె రైతులతో నా అనుభవం

"సాయిల్ హెల్త్ కార్డు ఉందా అన్నా?"

"ఉందమ్మా."

"అందులో రాసినట్టే ఎరువులు వేస్తున్నారా?"

"వేస్తాండాము."

ఈ రెండు ప్రశ్నలు అడిగి ట్యాబ్‌లో రెండు టిక్కులు పెడితే చాలు, ఆ రైతు 'పాటిస్తున్నవారు' అనే లెక్కలోకి వచ్చేస్తాడు. 2022లో నేను ఈ పనిలో చేరినప్పుడు చేతికిచ్చిన ఫారం ఇంచుమించు ఇలాగే ఉండేది. ఆ అన్న అబద్ధం చెప్పలేదు. మట్టి పరీక్ష ఫలితం, ఏ ఎరువు ఎంత వేయాలో రాసి ప్రభుత్వం ఇచ్చే ఆ కార్డు నిజంగానే ఉంది. ఒక ఏడాది అందులో చెప్పిన జింకు సల్ఫేటు తెచ్చి వేశాడు కూడా. కానీ ఏ చేనికి వేశాడు, ఎంత వేశాడు, మరుసటి ఏడు ఎందుకు మానేశాడు అన్నవి ఆ టిక్కులో ఎక్కడా లేవు. రైతులు మంచి పద్ధతులు ఎంతవరకు పాటిస్తున్నారో తెలియాలంటే ఏం అడగాలి, ఏం చూడాలి అన్నది మూడు పంటకాలాలు చేల గట్ల మీద తిరిగాక నాకు కొంత అర్థమైంది. ఇదే పనిలో ఉన్నవాళ్లకు, కొత్తగా చేరబోయేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మాది హిందూపురం దగ్గర పల్లె. చదువయ్యాక బెంగళూరు వచ్చి, హెబ్బాళ దగ్గర ఒక చిన్న సంస్థలో చేరాను. హొసకోటె, ఆనేకల్ తాలూకాల్లో కొన్ని పల్లెల రైతులను ఎంచుకుని, పోషక యాజమాన్యం, నేల-నీటి సంరక్షణ పద్ధతులు వాళ్ల చేలల్లో ఎలా సాగుతున్నాయో పంట పంటకూ నమోదు చేయడం మా పని. భూసార పరీక్షను బట్టి ఎరువు వేయడం, యూరియాను దఫాలుగా వేయడం, పశువుల ఎరువు, సూక్ష్మపోషకాలు, వాలుకు అడ్డంగా గట్లు, కృషి హొండలు (వాన నీళ్లు నిలిపే చేని కుంటలు), అంతర పంటలు... జాబితా పెద్దదే. బెంగళూరు అనగానే అందరికీ ఐటీ కంపెనీలు గుర్తొస్తాయి గానీ, నగరానికి తూర్పున, దక్షిణాన ఉన్న పల్లెల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు చాలా ఉన్నాయి. బయట కన్నడం, ఇంట్లో తెలుగు. నన్ను ఈ పనికి తీసుకోవడానికి అదీ ఒక కారణం. ఫారం కన్నడంలో ఉన్నా, అప్పుల సంగతి, అన్నదమ్ముల భాగాల సంగతి వచ్చేసరికి వాళ్లు తెలుగులోకి దిగిపోతారు. అసలు విషయాలు అక్కడే బయటపడతాయి.

ముందు కార్డు గురించి చెప్పాలి. సాయిల్ హెల్త్ కార్డు పథకాన్ని 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రారంభించారు. కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, కాపర్, మాంగనీసు, బోరాన్, వీటితోపాటు ఉదజని సూచిక (pH), లవణాల స్థాయి, సేంద్రియ కర్బనం. మంచి ఆలోచన. అయితే నమూనాలు ప్రతి రైతు చేనిలోనూ తీయలేదు. నీటి వసతి ఉన్న భూముల్లో 2.5 హెక్టార్లకు ఒకటి, వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు ఒకటి చొప్పున తీశారు. పది హెక్టార్లంటే దాదాపు పాతిక ఎకరాలు. అంత మేరలో ఉన్న రైతులందరికీ ఒకే మట్టి ఫలితం.

ఈ సంగతి నాకు పుస్తకం కంటే ముందు ఒక పెద్దాయన చెప్పాడు. "ఆ కార్డులో ఉండే మట్టి మాది కాదు పాపా. మా చిన్నాయన మడిలో ఎత్తుకొని పోయిరి. ఆయనది చెరువు కింద నల్లగా ఉంటుంది. మాది మెరక మీద ఎర్ర గరుసు. రెండిటికీ ఒకే మందంటే ఎట్ల?" అన్నాడు. పాత ఫారం ప్రకారం ఆయన 'కార్డు ఉండీ పాటించని రైతు'. ఆయన అనుమానం సరైనదా కాదా అని చూడాలంటే ఆయన చేనులోనే మట్టి తీయాలి. మేం అనుసరించే ప్రతి చేనుకూ విడిగా పరీక్ష చేయించాలని సంస్థలో నేను పట్టుబట్టడానికి ఆయన మాటే కారణం.

మట్టి తీసే పని చూడటానికి చిన్నదే గానీ శ్రద్ధ కావాలి. చేనంతా వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల పైన ఉన్న చెత్త తీసేసి, 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, పక్క గోడ మీది నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంలో మట్టి గీకాలి. అంతా గోనెపట్టా మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు తీసేయాలి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ భాగాలు చేస్తూ అర కిలో దాకా తేవాలి. గట్టు పక్కన, చెట్టు కింద, దిబ్బ పోసిన చోట తీయకూడదు. ఆ జాగ్రత్త పెద్దాయనే చెప్పాడు: "ఆడొద్దు, ఆడ పోయినేడు దిబ్బ పోసింటిమి, ఇట్లా రండి." ఫలితం వచ్చినప్పుడు ఆయన చేనులో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువ, అంటే 'తక్కువ' తరగతి. చిన్నాయన మడిలో 0.75 దాటి 'ఎక్కువ' తరగతి. పాతిక ఎకరాలకు ఒకే కార్డు ఇచ్చిన చోట, ఆ కార్డును పక్కన పెట్టిన రైతును తప్పుపట్టలేం. ఈ సంగతి ఫారంలో రాయడానికి చోటు లేకపోతే ఆ తప్పు ఎప్పటికీ రైతు ఖాతాలోనే ఉండిపోతుంది.

అప్పటినుంచి మా లెక్కలో రైతు కాదు, చేను ప్రధానమైంది. ఇక్కడ ఒక్కో కుటుంబానికి మూడు నాలుగు చోట్ల ముక్కలుంటాయి. బోరు కింద టమాటా ఒక చోట, వానకు రాగి ఒక చోట, మధ్యలో అనప చిక్కుడు, దూరంగా ఉన్న దాంట్లో నీలగిరి. టమాటాకు అవసరానికి మించి వేసే మనిషే రాగికి అవసరమైనంత వేయడు. ఆయన్ను 'పాటిస్తున్నారా లేదా' అని అడిగితే ఏం చెప్తాడు? అందుకే 'పాటిస్తున్నారా', 'తెలుసా', 'వింటారా' వంటి ప్రశ్నలు తీసేయించి, జరిగిన పనిని అడగడం మొదలుపెట్టాం. ఈ చేనులో విత్తేటప్పుడు ఏం వేశారు? ఎక్కడ కొన్నారు? మిగిలిందా? ఖాళీ సంచి ఏదీ? ఖాళీ సంచులు మంచి సాక్ష్యం. వాటిని ఎవరూ పారేయరు. గుమ్మం ముందు పరుచుకుంటారు, పశువుల దాణా పోసుకుంటారు, కొట్టం మీద కప్పుకుంటారు. సంచి మీది పేరు చదివితే ఆ ఇంటి ఎరువుల చరిత్ర సగం తెలుస్తుంది.

ఇంకో మార్పు, ఎవరిని అడగాలన్నది. పేర్ల జాబితాలో పహణిలో (భూమి రికార్డులో) ఉన్న మగవాళ్ల పేర్లు, వాళ్ల ఫోన్ నంబర్లే ఉండేవి. రాగి చేనులో ఎరువు చల్లేది చాలా ఇళ్లలో ఆడవాళ్లు. సర్జాపుర వైపు ఒక ఊళ్లో ఇంటాయన అరుగు మీద కూర్చుని మా ప్రశ్నలన్నిటికీ "బస్తా యూరియా, బస్తా డిఎపి" అని చెప్పేశాడు. లోపలి నుంచి అక్క వచ్చి, "యాడ బస్తా? నేను బకెట్టుతో కదా చల్లింది" అంది. అక్కడినుంచి మా సంభాషణ అక్కతోనే సాగింది.

"ఎన్ని బకెట్లు అక్కా?"

"విత్తేటప్పుడు డిఎపి మూడు. వానపడి కలుపు తీసినంక యూరియా మూడు. అంతే, దానికి మించి ఎప్పుడూ వెయ్యను."

ఆ బకెట్టు తెప్పించి తూకం వేశాం. పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు. నిండా యూరియా పోస్తే ఏడున్నర కిలోలు తూగింది. అదే బకెట్టులో డిఎపి తొమ్మిదిన్నర కిలోలు తూగింది. యూరియా గుళ్లు తేలిక కాబట్టి. మూడు బకెట్ల యూరియా అంటే 22.5 కిలోలు, 45 కిలోల బస్తాలో సరిగ్గా సగం. యూరియాలో నత్రజని 46 శాతం, డిఎపిలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం. లెక్క వేస్తే నత్రజని పదిహేనున్నర కిలోలు, భాస్వరం 13 కిలోలు వచ్చింది. వర్షాధార రాగికి ఇక్కడ సిఫారసు హెక్టారుకు 50 కిలోల నత్రజని, 40 కిలోల భాస్వరం. అంటే ఎకరానికి 20, 16. పహణిలో ఆ చేను ఎకరం. ఆ ప్రకారం ఆమె తక్కువ వేస్తున్నట్టే.

తర్వాత చేను చుట్టూ నడిచాం. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని గట్టు వెంబడి ఒక చుట్టు తిరిగితే విస్తీర్ణం వస్తుంది. గట్లు, దారి, కానుగ చెట్ల నీడలో విత్తని భాగం పోగా రాగి ఉన్నది 30 గుంటలు. 40 గుంటలు ఎకరం కదా. 30 గుంటలకు పదిహేనున్నర కిలోలు అంటే ఎకరానికి ఇరవై కిలోల పైచిలుకు. భాస్వరం పదిహేడున్నర. సిఫారసుకు ఇంత దగ్గరగా మా జాబితాలో ఇంకొక చేను లేదు! ఆమె దగ్గర కార్డు లేదు, ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. ఏళ్ల తరబడి చేనును చూసి తన బకెట్టుకు లెక్క కట్టుకుంది. ఇంటాయన చెప్పిన 'బస్తా, బస్తా' రాసుకుంటే ఎక్కువ వేసినట్టు, పహణి విస్తీర్ణంతో భాగిస్తే తక్కువ వేసినట్టు వచ్చేది. ఇలాంటి లెక్కలతో పై స్థాయిలో నిర్ణయాలు జరుగుతాయని తలుచుకుంటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. అప్పటినుంచి మా సంచుల్లో స్ప్రింగు త్రాసు లేకుండా ఏ ఊరికీ పోలేదు.

ఇక వాన సంగతి. దీన్ని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

2022లో వానలు విపరీతం. ఆ సెప్టెంబరులో బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు నీళ్లలో ఉన్న దృశ్యాలు దేశమంతా చూసింది. మా పల్లెల్లో కృషి హొండలు పొర్లాయి, గట్లు తెగాయి, వేసిన యూరియా నీళ్లతో దిగిపోయిందని కొందరు రెండోసారి వేశారు. 2023లో అందుకు పూర్తిగా తలకిందులు. కర్ణాటకలో చాలా తాలూకాలను కరవు ప్రాంతాలుగా ప్రకటించిన సంవత్సరం అది. విత్తాక నెల రోజులకు వేయాల్సిన రెండో దఫా యూరియాను చాలామంది వేయలేదు. మా గ్రాఫులో 'దఫాలుగా ఎరువు వేయడం' అనే గీత ఒక్కసారిగా కిందికి జారింది.

సమీక్ష సమావేశంలో నిధులిచ్చే సంస్థ తరఫున వచ్చిన ఒకాయన ఆ గీత చూసి, "ఒక్క ఏడాదికే వదిలేశారా? శిక్షణ సరిగ్గా జరగలేదేమో" అన్నారు. నేను లేచి చెప్పాను: వాన పడనప్పుడు నేల పైపైన యూరియా చల్లితే అందులో నత్రజని కొంత అమ్మోనియాగా గాల్లో కలిసిపోతుంది. డబ్బు దండగ, పైరుకు అందేది తక్కువ. వాన లేనప్పుడు రెండో దఫా ఆపడమే సరైన పోషక యాజమాన్యం. వాళ్లు పద్ధతిని వదిలేయలేదు సార్, అర్థం చేసుకుని వాడారు అని. 2024లో వానలు కుదుటపడ్డాక అదే రైతులు రెండో దఫా మళ్లీ వేశారు. 2022, 2023 మాత్రమే చూసి ఆపేసి ఉంటే 'రైతులు వెనక్కి పోయారు' అని నివేదిక రాసేవాళ్లం. అందుకే ఇలాంటి పని కనీసం మూడు నాలుగేళ్లు సాగాలని, అవే చేలను మళ్లీ మళ్లీ చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ సమావేశం తర్వాత ఫారంలో 'లేదు' అనే ఒక్క గడిని విడగొట్టాం. వాన లేక, డబ్బు లేక, సరుకు దొరక్క, కూలీలు దొరక్క, భూమి తనది కాక, నమ్మకం కుదరక. ఈ కారణాలు రాయడం మొదలుపెట్టాక మా సమాచారానికి ప్రాణం వచ్చింది. సరుకు దొరక్క ఆపినవాళ్లకు శిక్షణ ఇచ్చి లాభం లేదు. నమ్మకం కుదరనివాళ్లకు సబ్సిడీ ఇచ్చి లాభం లేదు.

సరుకు అన్నాను కాబట్టి దుకాణాల సంగతి. 2018 నుంచి సబ్సిడీ ఎరువులన్నీ ఆధార్ వంటి గుర్తింపు చూసి మిషను మీద బిల్లు కొట్టి అమ్ముతున్నారు. ఆ లెక్కలు తీసుకుంటే సరిపోతుంది కదా, ఊళ్లు తిరగడమెందుకని మా ఆఫీసులోనే కొందరు అనేవారు. మిషను చెప్పేది ఎవరు కొన్నారన్నది. ఏ చేనులో పడిందన్నది చెప్పదు. అన్న ఆధార్ మీద తమ్ముడు కొంటాడు. హొసకోటెలో కొన్న బస్తా మాలూరు చేనులో పడుతుంది. ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. యూరియా కొరత ఉన్న వారాల్లో ఒక దుకాణం, యూరియాతోపాటు ఏదో ఒక మందు సీసా కొంటేనే ఇస్తామని రైతులకు కట్టబెట్టింది. ఆ సీసా సూక్ష్మపోషకాల ద్రావణం. బిల్లు చూసి రాసుకుంటే ఊరంతా సూక్ష్మపోషకాలు వాడుతున్నట్టే. ఇళ్లలోకి వెళ్లి చూస్తే గూట్లో సీలు తీయని సీసాలు. సీలు తీశారా లేదా అన్నది అప్పటినుంచి మా ఫారంలో ఒక ప్రశ్న.

సూక్ష్మపోషకాల మీద ఈ ప్రాంత రైతులకు అవగాహన లేదనుకుంటే పొరపాటు. 2009లో కర్ణాటక ప్రభుత్వం, పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కలిసి మొదలుపెట్టిన 'భూచేతన' కార్యక్రమంలో గంధకం, జింకు, బోరాన్ లోపాల గురించి ఊరూరా చెప్పారు. ఇప్పటికీ పెద్దవాళ్లు జిప్సం, జింకు, బోరాన్ పేర్లు గడగడా చెప్తారు. రైతు సంపర్క కేంద్రంలో సబ్సిడీకి దొరికినప్పుడు తెచ్చుకుంటారు, దొరకనప్పుడు మానేస్తారు. తెలియకపోవడం వేరు, అందకపోవడం వేరు.

టమాటా, క్యాప్సికం, గులాబీల దగ్గరకు వస్తే సమస్య పూర్తిగా మారిపోతుంది. అక్కడ తక్కువ కాదు, ఎక్కువ. డ్రిప్పులో మూడు పందొమ్మిదులు (19:19:19 ఎరువు), క్యాల్షియం నైట్రేటు, పైన కోళ్ల ఎరువు లారీ లెక్కన. తగ్గించమని చెప్తే ఒక కుర్ర రైతు నన్ను సూటిగా అడిగాడు: "రేటు ఉన్నప్పుడు ఎవరు తగ్గిస్తారక్కా? కోలారు మార్కెట్లో పదిహేను కిలోల బాక్సు మీదే మా బతుకు. పది బాక్సులు తగ్గితే ఎవరిస్తారు?" దానికి నా దగ్గర తేలిక జవాబు లేదు. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. 2010 నుంచి పోషకాల ఆధారంగా సబ్సిడీ ఇచ్చే విధానం వచ్చినా యూరియాను అందులో చేర్చలేదు, ధర ప్రభుత్వమే కట్టడి చేస్తుంది. అంత చవగ్గా ఉన్నదాన్ని రెండు గుప్పిళ్లు ఎక్కువ చల్లడం రైతుకు బీమా లాంటిది. కానీ మిగిలిపోయిన నత్రజని నైట్రేటుగా మారి నేలలోకి దిగుతుంది, ఆ బోరు నీళ్లే ఇంట్లో తాగుతారు. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశంలో ప్రమాణం. ఆ కుర్రాడి బోరు నీళ్లు పరీక్షకు పంపించి ఫలితం చేతికిచ్చాం. పరిమితికి మించి ఉంది. వాళ్లింట్లో పసిబిడ్డ ఉంది. ఆ కాగితం చూశాక వాళ్లమ్మే ముందుగా, "కోళ్ల గొబ్బరం ఈ ఏడు వద్దు" అంది. మట్టి గురించి చెప్పినదానికంటే నీళ్ల గురించి చెప్పింది బాగా తలకెక్కుతుందని నాకు అప్పుడే తెలిసింది.

సంరక్షణ పద్ధతుల లెక్క ఇంకొక రకం. ఎరువు కనిపించదు, గట్టు కనిపిస్తుంది. కనిపించేదాన్ని ఎలా లెక్కించాలో అమెరికా పద్ధతి చూసి నేర్చుకున్నాం. అక్కడ మిసిసిపీ నది మోసుకొచ్చే నత్రజని, భాస్వరం వల్ల మెక్సికో సింధుశాఖలో ఏటా ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన ప్రాంతం ఏర్పడుతోంది. దాన్ని తగ్గించడానికి అయోవా రాష్ట్రం 2013లో నత్రజని, భాస్వరాల నష్టాన్ని 45 శాతం తగ్గించాలనే ప్రణాళిక పెట్టుకుని, రైతులు ఏ పద్ధతులు ఎంత మేర పాటిస్తున్నారో వరుసగా లెక్కిస్తోంది. ఇండియానాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం రూపొందించిన ఒక పద్ధతి ఉంది: ముందే గీసుకున్న రోడ్డు వెంట వాహనంలో పోతూ, నిర్ణయించిన దూరానికొకసారి ఆగి, రెండు వైపులా చేలల్లో దున్నిన తీరు, మిగిలిన పంట చెత్త, నేలను కప్పి ఉంచడానికి వేసిన పంట చూసి రాసుకోవడం. మా పై అధికారి దీని గురించి చెప్పగానే నాకు నచ్చింది. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, కళ్లతో చూసి రాయడమే.

ఉపగ్రహ చిత్రాలు కూడా ప్రయత్నించాం. సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రంలో ఒక్కో చుక్క అంటే నేల మీద పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. 20 గుంటల మడి అంటే దాదాపు 2,000 చదరపు మీటర్లు, అంటే ఇరవై చుక్కలు. అందులో అంచుల్లో ఉన్నవి పక్క చేనుతో కలిసిపోతాయి. పైగా ఖరీఫ్ అంతా మబ్బులు. వందల ఎకరాల మొక్కజొన్న చేలకు పనికొచ్చేది మన అంతర పంటల మడులకు పనికిరాలేదు. బండి మీద తిరగడమే మేలనిపించింది. నేనూ, నాతో పనిచేసే కన్నడ అబ్బాయీ ఒకే దారిలో, విత్తడానికి ముందు ఒకసారి, కోత తర్వాత ఒకసారి తిరిగేవాళ్లం. గట్టు గట్టిగా ఉందా, తెగిందా, దాని మీద గడ్డి ఉందా, దున్నడం వాలుకు అడ్డంగా ఉందా నిలువుగా ఉందా, ఎనిమిది సాళ్ల రాగికి రెండు సాళ్ల కంది ఉందా, హొండలో నీళ్లున్నాయా, లైనింగు షీటు చిరిగిందా. కృషి హొండ 'ఉంది' అని కాగితంలో ఉంటుంది. షీటు చిరిగి, తుమ్మ మొలిచిన హొండ నీళ్లు పట్టదు. అది ఉన్నట్టా లేనట్టా?

ఇలా తిరుగుతూ చూస్తే ఒక విషయం కళ్లకు కట్టినట్టు కనబడింది. పక్కపక్కనే ఉన్న రెండు చేలు, ఒకే వాలు, ఒకే మట్టి. ఒకదాని గట్టు చక్కగా ఉంటుంది, రెండోది కరిగిపోయి ఉంటుంది. అడిగితే రెండోది గుత్తకు (కౌలుకు) ఇచ్చిన భూమి. ఏడాది ఏడాదికి మారే గుత్త మీద గట్టు ఎవరు వేస్తారు, చెరువు మట్టి ఎవరు తోలుతారు? ఎరువు ఆ పంటకే తిరిగొస్తుంది. గట్టు ఫలితం అయిదేళ్లకు వస్తుంది. అప్పటికి ఆ చేనులో ఎవరుంటారో తెలియదు. ఇక యజమానుల సంగతి చెప్పాలంటే, చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే హొసకోటె దగ్గరే మొదలవుతుంది, చుట్టూ రింగు రోడ్లు వస్తున్నాయి. చాలామంది అమ్మడానికి ఎదురుచూస్తున్నారు. మేం అనుసరించే చేలల్లో కొన్ని మా కళ్ల ముందే హద్దురాళ్లు పాతిన లేఅవుట్లయ్యాయి. వాటిని జాబితాలోంచి చెరిపేయొద్దని, 'సాగు ఆగిపోయింది' అని కారణంతో సహా ఉంచాలని పోరాడి ఉంచాను. చెరిపేస్తే మిగిలిన చేలల శాతం పెరిగి, పరిస్థితి మెరుగైనట్టు కనిపిస్తుంది. అది నిజం కాదు.

నగరం నుంచి పల్లెకు వచ్చేది కూడా ఉంది. తడి చెత్తతో చేసిన కంపోస్టు లారీల్లో వస్తుంది. సేంద్రియ కర్బనం తక్కువగా ఉన్న ఈ ఎర్ర నేలలకు అది కావాలి. ఒక ఊళ్లో ఒక లోడులో గాజు ముక్కలు, ప్లాస్టిక్ వచ్చాయి. కలుపు తీస్తున్న ఆడవాళ్ల చేతులు కోసుకున్నాయి. ఆ ఊళ్లో మరుసటి ఏడు కంపోస్టు వాడకం ఆగిపోయింది. మా గడిలో దానికి కారణం 'నమ్మకం కుదరక' అని రాశాం. ఇంట్లో తడి, పొడి చెత్త విడదీయడానికి బద్ధకించే మా అపార్టుమెంటు వాళ్లకు నేనీ సంగతి ప్రతిసారీ చెప్తూనే ఉన్నాను.

ఇంత సమాచారం తీసుకున్నాం, తిరిగి ఏమిచ్చాం అన్నది నన్ను బాగా వేధించేది. 2024 నుంచి ప్రతి చేనుకూ ఒక కాగితం ఇస్తున్నాం. హెక్టార్లు, కిలోలు కాకుండా వాళ్ల గుంటల్లో, వాళ్ల బకెట్లలో. మీ మెరక చేను, 30 గుంటలు, విత్తేటప్పుడు ఇన్ని బకెట్లు, వానపడ్డాక ఇన్ని, వాన లేకపోతే వద్దు. రాగి విత్తనాలకు ముందు, ఎరువుల దుకాణానికి వెళ్లకముందే చేతిలో పడాలి. కోతలయ్యాక ఇస్తే గోడకు తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. మా జాబితాలో లేనివాళ్లు కూడా "మాదీ కొలవండి మేడమ్" అని అడగడం మొదలైంది. వీలైనంతవరకు కొలుస్తున్నాం. వాటిని వేరే పుస్తకంలో రాస్తున్నాం, అసలు లెక్కలో కలపడం లేదు. అడిగి చేయించుకున్నవాళ్లు ముందే ఆసక్తి ఉన్నవాళ్లు. వాళ్లను కలిపితే ఊరంతా ఆసక్తి చూపుతున్నట్టు వస్తుంది.

కిందటి ఏడాది చివర్లో ఆనేకల్ వైపు ఒక పెద్దమ్మ అడిగింది: "అన్నీ రాసుకుంటిరి సరే, మా గట్టు తెగిన సంగతి ఎవరికి చెప్తిరి?" ఆ వారమే తెగిన గట్లన్నీ సర్వే నంబర్లతో, ఫొటోలతో జాబితా కట్టి, ఉపాధి హామీ పనుల్లో చేర్చమని సంబంధిత గ్రామ పంచాయతీలకు అందజేశాం. కొన్ని చేరాయి, కొన్ని ఇంకా చేరలేదు. పెద్దమ్మ చేను చేరిన వాటిలో ఉంది. చేరనివాటిలో ఎక్కువ భాగం గుత్త భూములు. యజమాని సంతకం కావాలంటున్నారు, వాళ్లలో చాలామంది బెంగళూరులోనే ఉంటారు. ఈ వానలకు ముందే వాళ్లను ఒక్కొక్కరిగా కలవాలి. చిరునామాల జాబితా తయారవుతోంది.